వ్యసనం: నెత్తురు చెప్పగలిగినది, చెప్పలేనిది



వ్యసనమన్న మాటకు అమరకోశం చెప్పే అర్థాలలో ఆపద ఉంది, పతనం ఉంది, కామక్రోధాల వల్ల పుట్టే దోషమూ ఉంది. వాడుకలో మనకు మిగిలినది ఎక్కువగా ఆ చివరి అర్థమే. అందుచేత వ్యసనపరుణ్ణి దోషిగా చూడడం మనకు సులువు, ఆపన్నుడిగా చూడడం కష్టం.

ఈ విచారానికి కారణం మా ఆలూరులో ప్రత్తి విత్తనాల అంగడి నడుపుకొనే నా పూర్వ విద్యార్థి. అతని కొడుకు బెంగుళూరులో చదువుకొంటూ మెథాంఫెటమిన్‌కు అలవాటు పడ్డాడు. చికిత్స ముగిసి ఇల్లు చేరి మూడు నెలలైంది. తండ్రి నన్నడిగాడు: "రక్తం చూసి, వీడు మళ్లా దాని జోలికి పోడని చెప్పే పరీక్ష ఏమన్నా ఉండాదా అయ్యవారూ?"

నేను చదివినది తెలుగే గాని వైద్యం కాదు. అయినా శిష్యుడడిగిన ప్రశ్న గనుక శ్రద్ధగా చదివి, వైద్యుడైన మా మేనల్లుణ్ణి అడిగి తెలుసుకొన్నాను.

మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంది. ఆశనూ ఉత్సాహాన్నీ నడిపే వాటిలో అదొకటి. ఒక నాడీకణం విడిచిన డోపమైన్‌ను తిరిగి లోనికి చేర్చుకొనే వాహక ప్రోటీన్లు ఆ కణానికే ఉంటాయి. కొకైన్ వాటి దారికి అడ్డుపడుతుంది. మెథాంఫెటమిన్ అంతటితో ఆగక, కణం దాచుకొన్న నిల్వను కూడా బయటికి తోడిపోస్తుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే ఆ వాహకాలే తగ్గిపోతాయి. 2001లో అమెరికాలో నోరా వోల్కోవ్ బృందం ఐదుగురు బాధితులకు, మానిన ఆరు నెలల లోపల ఒకసారి, 12 నుండి 17 నెలలకు మరొకసారి మెదడు చిత్రాలు తీసింది. మెదడు లోపలి రెండు భాగాలలో వాహకాలు 19, 16 శాతం పెరిగాయి. అయితే జ్ఞాపకం, చేతిచురుకు పరీక్షలలో ఆ మేరకు మెరుగు కనబడలేదు. మెదడు కోలుకొంటుంది, కాని నెలల లెక్కన, విడతలు విడతలుగా.

ఇక నెత్తురు మాట. నాడీకణాలను పోషించే బి.డి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీనును 1982లో పంది మెదడు నుండి వేరుచేశారు. అది రక్తంలోనూ దొరుకుతుంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో, మూడు వారాలుగా కొకైన్ మానిన 35 మందిలో ఇది ఇతరులకంటె ఎక్కువగా కనబడింది. మరింత ఎక్కువున్నవారు, ఆసుపత్రి విడిచాక త్వరగా మళ్లీ మత్తుకు దిగారు. ఇది విని శిష్యుని ముఖం వికసించింది. కాని ఈ ప్రోటీను వయసును బట్టీ, వ్యాయామాన్ని బట్టీ, దిగులును బట్టీ మారుతుంది. రక్తంలో చాలా భాగం ప్లేట్‌లెట్లలోనే దాగి ఉంటుంది. పలువురిని కలిపి చూచినపుడు తేలిన సగటు, ఒక్క పిల్లవాడి జాతకం కాజాలదు. మూత్ర పరీక్ష కూడా గడచిన కొద్ది రోజుల సంగతే చెబుతుంది, రేపటి సంగతి కాదు.

"అయితే నేనేం జేయాల?" అన్నాడు.

"రోజూ వాని జేబులు వెదకడం మాను నాయనా. నిద్ర, తిండి, పని క్రమంగా సాగేటట్టు చూడు. వైద్యుని దగ్గరికి తప్పక పంపు. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఫోనులో సలహాకు 14446 అనే ఉచిత సంఖ్య ఉంది," అన్నాను. పోలీసు కేసవుతుందని అతనికి లోలోపల భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షను ఉంది. వాడకం నేరానికో, కొద్ది పరిమాణం కలిగి ఉన్న నేరానికో చిక్కిన వ్యసనపరుడు తానుగా చికిత్స కోరి పూర్తి చేసుకొంటే, అది అతణ్ణి ప్రాసిక్యూషన్ నుండి కాపాడుతుంది. ఈ మాట మన పల్లెలలో ఎందరికి తెలుసు?

వెళ్లబోతూ, "వాణ్ణి చూస్తే నోరు ఆగదు అయ్యవారూ, తిట్టేస్తా," అన్నాడు. మన పెద్దలు లెక్కించిన సప్తవ్యసనాలలో వాక్పారుష్యం, అంటే కఠినంగా మాట్లాడడం, కూడా ఒకటని గుర్తుచేశాను. తరగతిలో ఏడింటినీ వరుసగా అప్పజెప్పినవాడే. కాసేపు తల వంచుకొని, "అది గూడా మానాల్సిందే అన్నమాట," అన్నాడు.

ఇప్పుడు ఐదో నెల. పిల్లవాడు ఉదయాన్నే అంగడి తలుపులు తీస్తున్నాడట.