ఈ-మెయిల్ చిరునామా: తాళపుచెవి ఎవరి చేతిలో?

మన కళాశాలలో చేరదలచిన విద్యార్థి నింపవలసిన దరఖాస్తులో తండ్రిపేరు, స్వగ్రామము, పుట్టిన తేదీ తరువాత ఈ-మెయిల్ చిరునామాకు ఒక గడి ఉంటుంది. అంతవరకు చకచక సాగిన కలము అక్కడికి రాగానే ఆగిపోవడము నేను ఏటేటా చూస్తున్నాను. కొందరు అన్నగారి చిరునామా వ్రాస్తారు. కొందరు తమ ఊరి ఇంటర్నెట్ సెంటరు యజమానికి ఫోను చేసి, అడిగి వ్రాస్తారు. ఈ రెండవ పద్ధతిని గురించి నేను చెప్పదలచిన మాట ఒకటి ఉన్నది. దానికి ముందు ఆ చిరునామా పుట్టుపూర్వోత్తరములు కొంత తెలుసుకోవడము మంచిది.

ఒకే కంప్యూటరును పంచుకొనేవారు ఒకరికొకరు సందేశములు వదలి వెళ్ళే ఏర్పాటు 1965 నాటికే అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఉండేది. ఒక ఇంటిలోని వారు గోడకు చీటీ అంటించి పోవడము వంటిది అది. ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు ఉత్తరము పంపినవాడు రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు. 1971లో, అమెరికా రక్షణశాఖ నెలకొల్పిన ఆర్పానెట్ ద్వారా, పక్కపక్కన ఉన్న రెండు యంత్రముల మధ్య ఆయన ఈ పని చేశాడు. మనిషి పేరును, యంత్రము పేరును విడదీయడానికి ఒక గుర్తు కావలసి వచ్చినది. మనుషుల పేర్లలో ఎక్కడా రాని గుర్తు కనుక, తోకను తన చుట్టూ చుట్టుకొన్న అక్షరము వలె ఉండే 'ఎట్' గుర్తును ఎంచుకొన్నాడు. ఆ తొలి సందేశములో ఏమి వ్రాశాడో తనకే జ్ఞాపకము లేదని తరువాత చెప్పాడు. పాత ఉత్తరములను పెట్టె అడుగున దాచుకొనే మనవంటివారికి ఇది వింతగానే తోస్తుంది.

1982లో జాన్ పోస్టెల్ వ్రాసిన నియమావళి ఈ ఉత్తరములకు రాజమార్గము వేసినది. సవరణలతో అదే నేటికీ నడుస్తున్నది. అయితే ఆ మార్గమున ప్రయాణించే అర్హత అప్పట్లో ఆంగ్ల లిపికే ఉండేది. నాటి సంకేతపట్టికలో ఉన్న స్థానములు 128 మాత్రమే. మన తెలుగు గుణింతములకు గాని, కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూ లిపికి గాని అందులో చోటు లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మన రెండు లిపులకూ స్థానములు కేటాయించినది. 1992లో 'మైమ్' అనే పద్ధతి వచ్చి ఇతర లిపులను, చిత్రములను ఉత్తరముతో పాటు పంపే వీలు కల్పించినది. కాగితము మీద అనుమతి లభించినా ఆచరణకు చాలా ఏండ్లు పట్టినది. మా చిన్నాయన 2002 ప్రాంతమున షార్జా నుండి పంపిన ఉత్తరములన్నీ ఆంగ్లాక్షరములలో వ్రాసిన ఉర్దూ. సెంటరులో అచ్చు తీయించి తెచ్చి నేను చదువుతుంటే మా దాదీ వినేది. ఉర్దూ చక్కగా చదవగలిగిన మనిషి ఆమె. "మాటలు వాడివే, రాత మాత్రం ఎవరిదో" అనేది.

మన దేశములో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందినది. ఆ రోజులలో చిరునామా ఉద్యోగమిచ్చిన సంస్థదో, కనెక్షను ఇచ్చిన కంపెనీదో అయి ఉండేది. ఉద్యోగము పోతే చిరునామా కూడ పోయేది. 1996 జూలై 4న, బెంగుళూరులో పెరిగిన సబీర్ భాటియా, తన మిత్రుడు జాక్ స్మిత్‌తో కలిసి హాట్‌మెయిల్‌ను ప్రారంభించి ఈ ముడిని విప్పాడు. ఎవరి కంప్యూటరు ముందు కూర్చున్నా, పేరు, రహస్యపదము చెబితే చాలు, ఎవరి ఉత్తరములు వారు ఉచితముగా చదువుకోవచ్చును. సొంత యంత్రము లేనివానికి సొంత చిరునామా దొరకడము నా దృష్టిలో టామ్లిన్‌సన్ చేసిన పని కంటె తక్కువది కాదు. తరువాత 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చి ఒక గిగాబైటు స్థలము ఇస్తామన్నప్పుడు, తేదీని చూచి చాలమంది పరిహాసమనుకొన్నారు.

ఉత్తరము మన ఫోనులోనే ఉన్నదని మన పిల్లలు భావిస్తారు. అది కంపెనీవారి యంత్రములో ఉంటుంది. ఫోను కిటికీ వంటిది. ఊరి పోస్టుమాను మన ముఖము చూచి ఉత్తరము చేతికిస్తాడు. ఈ యంత్రము ముఖమెరుగదు. రహస్యపదము చెప్పినవాడే దానికి యజమాని.

మూడేండ్ల క్రితము నా తరగతిలో చదివిన ఒక అమ్మాయికి స్కాలర్‌షిప్ దరఖాస్తు సమయములో సెంటరు కుర్రవాడే ఖాతా తెరిచి ఇచ్చాడు. రహస్యపదము అతని నోటుపుస్తకములో ఉండిపోయినది. అది మరచిపోతే తిరిగి పొందడానికి ఇచ్చిన ఫోను నెంబరు కూడ అతనిదే. పై చదువుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఆ అమ్మాయి అదే చిరునామా ఇచ్చినది. సర్టిఫికెట్ల పరిశీలనకు రమ్మన్న కబురు దానికే వెళ్ళినది. అప్పటికి సెంటరు మూతపడి, కుర్రవాడు ఊరు విడిచి నెంబరు మార్చాడు. స్నేహితురాలి ద్వారా సంగతి తెలిసేసరికి గడువు దాటి నాలుగు రోజులైనది. మేము వెళ్ళి అడిగితే "మెయిల్ పంపాము కదండీ" అన్నారు. వారి మాటలో అబద్ధము లేదు. తండ్రి ఆటో నడిపే ఆ ఇంటిలో ఆడపిల్ల ఏడాది ఖాళీగా ఉంటే పెళ్ళిమాటలు మొదలవుతాయి. మొదలైనవి కూడ. ఆయనకు నచ్చజెప్పడానికి మేము రెండు పర్యాయములు వారింటికి వెళ్ళవలసి వచ్చినది. మరుసటి ఏడు ఆమె చేరినది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. ప్రవేశములు జరిగే వారములో కంప్యూటరు గదిని రోజుకొక పూట తెరిపించండి. విద్యార్థి తన చేతితోనే ఖాతా తెరవాలి. తన ఫోను నెంబరు గాని, తల్లిది గాని ఇవ్వాలి. రహస్యపదము ఇంటివద్ద నోటుపుస్తకములో వ్రాసుకోవాలి. సినిమా కథానాయకుల బిరుదులు చిరునామాలో పెట్టుకొనే ముచ్చట కొంత తగ్గితే నాకు సంతోషము. ఆ పేరే రేపు ఉద్యోగపు దరఖాస్తు మీద పడుతుంది. రెండేండ్లు తెరవని ఖాతాలను తొలగించవచ్చునని 2023లో గూగుల్ ప్రకటించినది కాబట్టి, వేసవి సెలవులలో సైతము అప్పుడప్పుడు తెరిచి చూచుకొమ్మని చెప్పాలి. మొదటి ఉత్తరము ఇంటికి, తెలుగులోనో ఉర్దూలోనో, వారి వారి లిపిలోనే వ్రాయించవచ్చును.

మన గదిలోని పన్నెండు కంప్యూటర్లలో తొమ్మిది పనిచేస్తున్నవి. ఈ పనికి తొమ్మిది చాలును.