కోరంగివారి చక్కెర

సంక్రాంతికి హైదరాబాదు నుండి వచ్చిన మా అమ్మాయి ఒక పొట్లం విప్పి, "నాన్నా, ఇదేమిటో రుచి చూసి చెప్పండి" అన్నది. ముదురు గోధుమరంగు పొడి. తడితడిగా వ్రేళ్ళకు అంటుకొంటున్నది. నాలుకపై వేసుకొన్నానో లేదో, మా తోటలోని బెల్లం పొయ్యి, పెనం అంచున గడ్డకట్టిన పాకం, దానిని గీకి తింటూ తిన్న తిట్లు, అన్నీ కళ్ళముందు నిలిచాయి. "మన నల్లబెల్లం గుండ కదమ్మా!" అన్నాను. అమ్మాయి నవ్వుతూ పొట్లం వెనుకవైపు చూపింది. మారిషస్ చక్కెర! ధర చూచిన తరువాత నాకు నవ్వు రాలేదు.

వారం గడిచాక దానిని మా అనకాపల్లి బెల్లం మార్కెట్టుకు పట్టుకొని వెళ్ళాను. అక్కడ కొట్టు నడుపుతున్న నా పూర్వశిష్యుడొకడు చిటికెడు నోట వేసుకొని, "ఇదేటి మాస్టారూ, మన సరుకుకే చొక్కా తొడిగి అమ్మేస్తన్నారు!" అన్నాడు. తెలుగు పండితుణ్ణి నేను. ఉపమాలంకారం మాత్రం వాడికే బాగా అబ్బింది.

ఆ దీవిలో చెఱకు నరికిన చేతులలో మన చేతులూ ఉన్నాయి. 1835లో అక్కడ బానిసత్వం రద్దయ్యేనాటికి ఆంగ్లేయులకు కూలీల అవసరం పడింది. 1834 మొదలుకొని ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళ వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా పోర్ట్ లూయీ రేవులో దిగారు. వారిలో మన కోస్తా తెలుగువారికి గోదావరి ముఖాన ఉన్న రేవు పేరిట 'కోరంగివారు' అన్న పేరు పడింది. మా సింహాద్రి అప్పన్నను కూడా వారు వెంట తీసుకొనిపోయారు. నేటికీ అక్కడ ఆయనకు పూజలు జరుగుతున్నాయి. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినదీ అక్కడే.

ఇంతవరకు బంధుత్వం. నాయకులు ఉభయదేశాల గురించి మాట్లాడేటప్పుడు 'రక్తసంబంధం' అనే మాటతోనే ఆరంభిస్తారు. నాకు ఆ మాటపై గౌరవమే గాని, దాని చాటున పద్దుల పుస్తకం కనబడకుండా పోతుందేమోనని శంక.

1982 నాటి పన్నుల ఒప్పందాన్నే చూడండి. వాటాల అమ్మకంపై వచ్చే లాభానికి పన్ను మారిషస్‌లోనే కట్టాలన్నారు. అక్కడేమో ఆ పన్నే లేదు! ఎక్కడెక్కడి ధనమో ఆ చిరుద్వీపం మీదుగా మన దేశానికి ప్రవహించింది. ఏళ్ళ తరబడి విదేశీ పెట్టుబడులలో అగ్రస్థానం దానిదే. 2016లో ఆ ఒప్పందాన్ని సవరించి, 2017 ఏప్రిల్ 1 తరువాత కొన్న వాటాలపై పన్ను వేసే హక్కు మనవారు తీసుకొన్నారు. ఐరోపావారు చక్కెరకు ఇస్తూ వచ్చిన హామీ ధర 2009లోనే పోయింది. ఆ దెబ్బకు దీవివారు తెల్లచక్కెరతోపాటు ఇటువంటి ప్రత్యేక చక్కెరల వైపు మొగ్గారు. 2021 ఫిబ్రవరిలో మనతో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో సుంకపు రాయితీ పొందిన 615 మారిషస్ వస్తువులలో ఈ చక్కెర కూడా ఉన్నది. మా అమ్మాయి పొట్లానికి ఇంత పూర్వచరిత్ర!

అయితే ఆ దీవి దగ్గరున్న సరుకు చక్కెర ఒక్కటే కాదు. సముద్రంలో అది ఉన్న చోటు కూడా సరుకే. మారిషస్‌కు ఉత్తరాన వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అగలేగా అనే జంటద్వీపాలున్నాయి; జనం మూడువందల మంది. అక్కడ భారతదేశం కట్టించిన విమానాల దారినీ, నావలరేవునూ ఇరుదేశాల ప్రధానులు 2024 ఫిబ్రవరి 29న ప్రారంభించారు. సైనిక స్థావరం కాదని మారిషస్ ప్రభుత్వం చెబుతూ వచ్చింది. అక్కడివారికి మాత్రం చాగోస్ గుర్తుకు రాక మానదు. 1965లో బ్రిటన్ ఆ దీవులను మారిషస్ నుండి విడదీసింది. డీగో గార్సియాలో అమెరికా స్థావరం కోసమని 1968-73 నడుమ ప్రజలను తరలించివేసింది. చాగోస్ విషయంలో 2019లో ఐక్యరాజ్యసమితిలో మన దేశం మారిషస్ పక్షానే ఓటు వేసింది. అది న్యాయం. కనుకనే అగలేగా ప్రజలకు మనం మరింత స్పష్టంగా జవాబు చెప్పవలసి ఉంటుంది. మా జిల్లాలోనే రాంబిల్లి తీరాన నౌకాదళ స్థావరం కోసం ఊళ్ళు విడిచిన జాలరుల మాటలు వింటూ వచ్చినవాణ్ణి. ఆ మూడువందల మంది భయం నాకు పరాయిది కాదు.

"ఈ చక్కెర మనకు పోటీ కాదేటి అన్నయ్యా?" అని అడిగాడు మా తమ్ముడు. కాదన్నాను. నాలుగేళ్ళ క్రితం వాడు చెఱకు మానినది నరికే కూలీలు దొరకక; మారిషస్ వల్ల కాదు. కూలీలు దొరకరన్న మాట పైకి అన్నాక, నాలుకపై ఆ చక్కెర కొంచెం చేదెక్కింది. ఒకప్పుడు ఈ తీరం నుండి కూలీలను ఓడలకెత్తారు కదా!

మిగిలిన చక్కెరను మా ఆవిడ రథసప్తమినాడు పరమాన్నంలో వేసింది. రంగు అచ్చం మన బెల్లం పరమాన్నమే. పాలు మాత్రం విరగలేదు.