రాసిన గొంతే పాడాలి

నా కథలన్నీ నడుస్తూ కట్టినవే. పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి డొంకల్లో, భుజాన తంబుర లేకపోయినా అడుగేస్తూ, అడుగుకు మాట పడుతోందా లేదా అని చూసుకుంటాను. ఒక్క ఊపిరిలో అందని పాదం కాగితం మీద ఎంత బాగున్నా తీసేయాల్సిందే. ఆ ఊపిరి ఎంతో పాడేవాడికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అందుకే బుర్రకథకు రాసేవాడూ పాడేవాడూ ఒకడే కావాలని నా పట్టు.

ఈ దారి మాకు చూపింది షేక్ నాజర్ గారు. 1920లో గుంటూరు దగ్గర పొన్నెకల్లులో, దూదేకుల కుటుంబంలో పుట్టారు. ఆయన ఆత్మకథకు 'పింజారి' అనే పేరే పెట్టుకున్నారు. శాస్త్రీయ సంగీతం నేర్చిన గొంతును ప్రజానాట్యమండలికి ఇచ్చి, బెంగాల్ కరువును కథగా కట్టి ఊరూరా చెప్పారు. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి కథ చెప్పారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన రాసిన 'పల్నాటి యుద్ధం' ఒక ఎత్తు. ఆ కథను శ్రీనాథుడు ద్విపదలో చెప్పాడు, కారెంపూడి తిరునాళ్లలో వీరవిద్యావంతులు ఇప్పటికీ పాడుతున్నారు. బాలచంద్రుడు చస్తాడని పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన చావుకే జనం చేత మళ్లీ కళ్లనీళ్లు పెట్టించాలంటే కవి అయితేనే అవుతుంది.

నేను సొంతంగా కట్టిన కథల్లో నాకు ప్రాణం తెల్లదోమ కథ. పురుగు చావాలని పత్తి మీద సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మళ్లీ మళ్లీ కొట్టారు. పురుగును తినే మిత్ర పురుగులు చచ్చాయి, తెల్లదోమ రెచ్చిపోయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల పాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. దోమ వాలిన ఆకు మీద జిగురు, జిగురు మీద మసి. దాన్ని ఇలా కట్టాను: తెల్లదోమ వాలె చేను తెల్లవార నల్లబారె. ఎనిమిదీ మూడేసి మాత్రల గణాలే, తురగవల్గన రగడ. 'వాలె' దగ్గర కుడికాలు ముందుకు పడుతుంది, 'నల్లబారె' దగ్గర అందెలు ఆపేస్తాను. అక్కడ గుమ్మెట ఒక్క దెబ్బ వేసి ఊరుకోవాలి. రెండో దెబ్బ పడిందా, జనం చేను మరిచి వాయిద్యం వింటారు. ఆ ఒక్క దెబ్బ కోసం, పక్కన నిలబడి గుమ్మెట వాయించే మా వంతలతో రాత్రుళ్లు కూర్చున్నాను.

మిగతాదంతా బతుకుతెరువు. మిరపకోతలు ముగిశాక శ్రీరామనవమి పందిళ్లు, తిరునాళ్లు, సర్కారువాళ్లు తమ పథకాల మీద ఇచ్చిన మాటలకు కట్టే కథలు. వాటికీ ఛందస్సు తప్పనివ్వలేదు.

ఫ్రాన్సులో జార్జ్ బ్రాసాన్స్ అని ఒకాయన తన పాటలు తనే రాసి గిటారు మీద పాడేవాడు. 1967లో అక్కడి ఫ్రెంచ్ అకాడమీ ఆయనకు కవిత్వానికే పెద్ద బహుమతి ఇచ్చిందని చదివి చాలా సంతోషపడ్డాను. మనవాళ్లు నాజర్ గారిని కళాకారుడని కొలుస్తారు, కవి అనడానికి ఎందుకో వెనకాడతారు. రగడ రాసినవాడు కవి కాకుండా ఎట్లా పోతాడు?

ఇప్పుడు మిరప కథ నడుస్తోంది. 2021లో కొత్త రకం తామర పురుగు పూతలోనే చేరి తోటలు ఊడ్చేసింది. హాస్యం వంత ఎక్కడ నోరెత్తాలో ఇంకా కుదరలేదు. రాజకీయం వంతకు మాత్రం కౌలుదారు మాట ఇచ్చాను: తోట వేసింది నేను, పాసుపుస్తకం ఆసామిది, పరిహారం రాసుకునే అయ్యా, నా పేరు ఏ గడిలో రాస్తావ్?