బస్తరు బాటలో ఆరు చక్రాలు

విశాఖపట్నం నుంచి బస్తరుకు వెళ్ళేవారిలో అనేకులు కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్నే ఆశ్రయిస్తారు. సొరంగాల గుండా సాగే ఆ ప్రయాణపు సొగసు వేరు. అయితే 2024 జనవరిలో సహోద్యోగులమైన మేము నలుగురము ఫోర్ వీల్ డ్రైవు జీపుకు రెండు చక్రాల ట్రైలరు తగిలించుకొని సాలూరు, కోరాపుట్, జయపురం మీదుగా రోడ్డు మార్గాన బయలుదేరాము. ట్రైలరులో గుడారాలు, వంట సామగ్రి, నీళ్ళ డబ్బాలు. మా సంస్థ వాహనాలను చిరకాలం నడిపి పదవీ విరమణ చేసిన డ్రైవరుగారు మా కోరికపై వెంట వచ్చారు.

బయలుదేరే ముందు ఆరు చక్రాలకూ గాలిపీడనాన్ని తెలిపే సాధనాలను అమర్చాము. వాల్వు మూతకు బదులుగా బిగించే చిన్న బిళ్ళ అది. చక్రంలోని పీడనాన్ని, ఉష్ణోగ్రతను రేడియో తరంగాల ద్వారా చోదకుని ఎదుటనున్న తెరకు పంపుతుంది. పీడనం పాతిక శాతం తగ్గితే గంట మోగుతుంది. టైర్ల వైఫల్యం వల్ల జరిగిన ఘోర ప్రమాదాల దరిమిలా అమెరికా 2000లో చేసిన చట్టం ఫలితంగా, 2007 నాటికి అక్కడి కొత్త కార్లన్నిటికీ ఇటువంటి ఏర్పాటు తప్పనిసరి అయింది. మేము ఆ తెరను చూసి మురిసిపోతుంటే డ్రైవరుగారు మాత్రం, “జీపు చక్రంలో గాలి తగ్గితే స్టీరింగు చెబుతుంది సార్. ట్రైలరు చక్రం మనతో మాట్లాడదు. ఆ రెండింటినే చూస్తుండండి” అన్నారు.

తొలిరాత్రి చిత్రకూట్ జలపాతం సమీపాన గుడారాలు వేశాము. వర్షకాలపు ఉద్ధృతి లేకున్నా, గుర్రపు నాడా ఆకారంలో సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి దుమికే ఇంద్రావతి హోరు రాత్రంతా వినిపించింది. మరునాడు జగదల్‌పూర్ సంతలో ఎర్రచీమల పచ్చడిని ఆకు దొన్నెలో రుచి చూశాము. దాని పులుపు నేటికీ మా నాలుకలపై ఉంది.

మూడవనాటి ఉదయం చలి గట్టిగా ఉంది. తెరపై అయిదు చక్రాలలో పీడనం ఒకటి రెండు పౌండ్లు తగ్గి కనిపించింది. ట్రైలరు ఎడమ చక్రం మాత్రం 36 పౌండ్లకు గాను 31 చూపింది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే పీడనం సుమారు ఒకటిన్నర పౌండ్లు తగ్గుతుందని మేము చదువుకున్నవారమే. “చలి ప్రభావం, గంట కూడా మోగలేదు” అని తీర్మానించి దంతెవాడ వైపు సాగాము.

నలభై కిలోమీటర్లు గడిచేసరికి చక్రాలు వేడెక్కి, అయిదింటి పీడనమూ నాలుగేసి పౌండ్లు పెరిగింది. ఎడమ చక్రం 31 దగ్గరే నిలిచింది. గంట అప్పటికీ మోగలేదు. బాస్తానార్ ఘాటు దిగవలసిన చోటు సమీపిస్తుండగా డ్రైవరుగారు బండిని పక్కకు ఆపారు. “చలి అన్నిటికీ ఒకటే కదా సార్! అయిదు పెరిగి ఒకటి పెరగలేదంటే, పెరిగినదంతా ఎటో పోతున్నట్టే” అన్నారు. మేము మారు పలుకలేకపోయాము.

సబ్బునీళ్ళు పోసి చూడగా అంగుళం మేకు చుట్టూ బుడగలు లేచాయి. పక్కగోడను తాకితే చేయి చురుక్కుమంది. గాలి తగ్గిన టైరు బరువు కింద పదేపదే వంగి వేడెక్కుతుంది. ఆ వేడికే చివరకు పేలుతుంది. చక్రం మారుస్తున్నంతసేపూ కావళ్ళు మోసుకొని సంతకు పోయే స్త్రీపురుషులు, చంకన పిల్లలతో తల్లులు మా పక్కనుంచే ఘాటు దిగిపోయారు. ఆ వంపుల్లో టైరు పేలి ట్రైలరు పక్కకు విసిరినట్లయితే ఏమయ్యేదో తలచుకొని మాలో ఎవరమూ మాట్లాడలేదు.

మన దేశంలో కూడా 2020 నుంచి, ఇటువంటి సాధనమూ ట్యూబులేని టైర్లకు మరమ్మతు పెట్టె ఉన్న చిన్న వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదని నిబంధన సడలించారు. అయినా ట్రైలరుతో అడవిదారి పట్టేవారు జీపుకూ ట్రైలరుకూ వేర్వేరుగా స్టెప్నీ ఉంచుకోవడమే క్షేమమని మా మనవి. గాలిని ఉదయాన, చక్రాలు చల్లగా ఉన్నప్పుడే సరిచూడాలి. వేడెక్కిన టైరు నుంచి గాలి తీయరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, ఒక్కొక్క అంకెను కాక, ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాలను పోల్చి చూడాలి.

సాయంకాలానికి దంతెవాడ చేరి, శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద దంతేశ్వరీ దేవిని దర్శించాము. ఆ మరునాడు కిరండూల్ మీదుగా బైలడిలా కొండలను చూశాము. ఎద్దు మూపురాన్ని పోలినందున ఆ పేరు వచ్చిందట. 1968 నుంచి ఆ మూపురం నుంచి తవ్విన ఖనిజమే రైలు చక్రాలపై విశాఖ రేవుకు చేరుతున్నది.

తిరుగు ప్రయాణపు ఉదయం మేము తెర చూడబోయేసరికి, డ్రైవరుగారు అప్పటికే ఒక్కొక్క టైరునూ అరచేతితో తట్టి చూస్తున్నారు. మేము అంకెలు చదివాము, ఆయన తల ఊపారు. ఆ పిమ్మటనే బండి కదిలింది.