అరిగిపోయిందట

1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీశారు. డిస్కులన్నీ మామూలుగా ఉన్నది 36 శాతం మందికే. సగం మందికి పైగా కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే లాగ్ నిండా వార్నింగులు, సర్వర్ మాత్రం హాయిగా నడుస్తోంది.

ఈ లెక్క రిపోర్టులో ఉండదు. అందులో ఇంగ్లీషులో "డీజనరేటివ్" అని రాసింది, నిజాంపేటలో మా అమ్మ దాకా వచ్చేసరికి "అరిగిపోయింది" అయింది. తిన్నది అరిగితే మేలే గాని, తక్కిన అరుగుడంతా నష్టమే. చెప్పులు, నాగటి కర్రు, ఇప్పుడు నడుము. 30 ఏళ్లు వరినాట్లు వేసిన మనిషి ఆ ఒక్క మాటకి వంగడం మానేసింది. నొప్పి తగ్గకపోగా భయం తోడైంది.

కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం పట్టు తప్పినా స్కాన్ వెంటనే తీయాల్సిందే. అమ్మకి అవేవీ లేవు. అలాంటప్పుడు ఫొటోలో కనబడ్డదే నొప్పికి మూలమని ఎలా తేలుస్తాం?

ఫిజియోథెరపీ చదివే మా పిన్ని కొడుకు ఇంకో పోలిక పట్టుకొచ్చాడు. "జుట్టు నెరిసినట్టే పెద్దమ్మా, వయసుతో వస్తది."

"జుట్టు నెరిస్తే నొప్పి పెట్టదు గదరా?"

ఆ పోలిక మీద ఇంతకంటే మంచి విమర్శ నేను వినలేదు. వాడు కాసేపాగి, "నొప్పి నిజమే. వంగితే ఇంకా అరుగుతదన్నదే నిజం కాదు" అన్నాడు.

అమ్మ ఏమీ అనలేదు. ఈ వారం సగం బిందె ఎత్తుతోంది.