మిగులు పెట్రోలు

దూర ప్రయాణానికి బయల్దేరేవాళ్ళకి మన పెద్దలు ఒక పూట సద్ది ఎక్కువే కట్టేవారు. బండి ఎక్కడ ఆగిపోతుందో ఎవరికి తెలుసు? చిన్న విమానాల్లో తిరిగేవాళ్ళకి ఆ సద్ది పెట్రోలే.

మా మిత్రులొకరు సెలెటార్ విమానాశ్రయం నుంచి నలుగురు కూర్చునే సెస్నా విమానం నడుపుతారు. సెలవు రోజుల్లో మేమిద్దరం ఆయన వెంట వెళ్తూ ఉంటాం. ఆయన మీటరు ముల్లును నమ్మరు. రెక్క దాకా ఎక్కి, టాంకులో కొలపుల్ల ముంచి చూస్తారు. ఆ తర్వాత లెక్క. గంటకు 30 నుంచి 35 లీటర్లు ఖర్చు. వెళ్ళే చోటికి ఎంత, అక్కడ దిగడం కుదరకపోతే మరో చోటికి ఎంత, ఆపైన మిగులు ఎంత? కంటిచూపు మీద ఆధారపడి నడిపే విమానాలకు పగలు అరగంట, రాత్రి ముప్పావుగంట మిగులు ఉండాలని అమెరికా నిబంధన. మా మిత్రులు పగలైనా గంట ఉంచుతారు.

ఇది చాదస్తం కాదు. ఇంజను ఆగితే అటువంటి విమానం వెయ్యి అడుగుల ఎత్తు నుంచి మూడు కిలోమీటర్లు కూడా తేలిరాలేదు. మన వైపు అయితే కోతలైన చేనైనా కనబడవచ్చు. సింగపూరులో కిందికి చూస్తే అంతస్తుల ఇళ్ళు, చెట్లు, సముద్రంలో ఓడలు.

అనుభవం ఉంటే చాలుననీ అనలేం. ఇక్కడి కల్లాంగ్ విమానాశ్రయం 1937 జూన్‌లో ప్రారంభమైంది. భూప్రదక్షిణకు బయల్దేరిన అమీలియా ఇయర్‌హార్ట్ ఆ నెలలోనే అక్కడ దిగారు. జూలై 2న న్యూగినీలోని లే నుంచి సుమారు 4,100 కిలోమీటర్ల దూరంలోని హౌలాండ్ ద్వీపానికి వెళ్తూ, ద్వీపం కనబడక, ఇంధనం తరిగిపోతోందని రేడియోలో తెలిపారు. ఆమె గాని, దారి చూపే ఫ్రెడ్ నూనన్ గాని మళ్ళీ కనబడలేదు.

ఒకసారి మలేసియాలోని ఒక చిన్న ఊరి నుంచి తిరిగి వస్తున్నాం. ఆ సాయంత్రం మా అమ్మాయి మొదటి నాట్య ప్రదర్శన. జొహోర్ మీద ఉరుముల మబ్బు గోడలా నిలిచింది. చుట్టి వస్తే అరగంట ఎక్కువ. పెట్రోలు ఉంది గాని, ఆ అరగంట మిగులులోంచే తియ్యాలి. ఆయన మారుమాట లేకుండా విమానం వెనక్కి తిప్పారు. రాత్రి ఫోనులో అమ్మాయి ఏడ్చింది. "అందరి అమ్మానాన్నలూ వచ్చారు," అంది.

మర్నాడు ఆకాశం నిర్మలం. చుట్టి వచ్చినా క్షేమంగానే చేరేవాళ్ళమేమో! అవునో కాదో తేల్చే దారి లేదు. ఇలాంటి మంచి నిర్ణయానికి సాక్ష్యం ఉండదు. ఏమీ జరగకపోవడమే దాని ఫలం.

మిగులును కాజేసేది లెక్క తప్పడం ఒక్కటే కాదు, ఇంటి తొందర కూడా. సింగపూర్ యూత్ ఫ్లయింగ్ క్లబ్బులో చేరే పిల్లలు మన ఇళ్ళలోనూ ఉండవచ్చు. ఎప్పుడైనా వాళ్ళు ఆలస్యంగా ఇంటికి వస్తే, ఎందుకింతసేపని అడిగే ముందు అన్నం పెడదాం.