కోవెంట్ గార్డెన్‌లో డచెస్ జార్జియానా

డెర్బీషైర్‌లో డెర్వెంట్ నది పక్కన చాట్స్‌వర్త్ భవనం ఉంది. అందులో జాషువా రేనాల్డ్స్ వేసిన చిత్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. డెవన్‌షైర్ డచెస్ జార్జియానా పసికూతురిని ఒళ్ళో పెట్టుకుని ఆడిస్తోంది. 1774లో సరిగ్గా పదిహేడో పుట్టినరోజున ఆమెకు ఐదో డ్యూక్‌తో పెళ్ళయింది. వారసుణ్ణి కనాలి, విందులివ్వాలి, భర్త కుటుంబం నమ్మిన విగ్ పార్టీకి అండగా నిలవాలి. ఆ ఇంటి కోడలి నుంచి కోరిందంతా ఇదే. మగపిల్లవాడు 1790లో గానీ పుట్టలేదు.

కానీ ఆమెను తెలుసుకోవాలంటే లండన్ వీధుల్లో నడవాలి. పికడిల్లీలో వాళ్ళ డెవన్‌షైర్ హౌస్‌ను 1924లో కూల్చేశారు. దాని ఇనుప గేటు ఇప్పుడు గ్రీన్ పార్క్ అంచున ఉంది. అక్కణ్ణుంచి కోవెంట్ గార్డెన్ చేరాను. సెయింట్ పాల్స్ చర్చి స్తంభాల ముందు వీధి కళాకారులు ఆడుతున్నారు. 1784లో వెస్ట్‌మిన్‌స్టర్ ఎన్నికకు వేదిక కట్టింది అక్కడే. ఏప్రిల్ 1 నుంచి మే 17 దాకా ఓట్లు పడుతూనే ఉన్నాయి.

ఆ ఎన్నిక వెనక మన దేశం ఉంది. ఈస్టిండియా కంపెనీని అదుపులో పెట్టడానికి విగ్ నాయకుడు చార్లెస్ జేమ్స్ ఫాక్స్ తెచ్చిన బిల్లును 1783 డిసెంబరులో రాజు ప్రభువుల సభలో ఓడింపజేశాడు, ఫాక్స్ ఉన్న ప్రభుత్వాన్నే దించేశాడు. ఆ తర్వాత వచ్చిందే ఈ ఎన్నిక. అప్పటికి మన ఉత్తర సర్కారుల్లో చాలా భాగం కంపెనీ ఏలుబడిలోనే ఉంది.

ఫాక్స్‌ను గెలిపించడానికి జార్జియానా గడప గడపకూ తిరిగింది. వెస్ట్‌మిన్‌స్టర్‌లో పన్ను కట్టే చిన్న దుకాణదార్లకూ ఓటుండేది. అందుకే డచెస్ కసాయివాళ్ళతో, చెప్పులు కుట్టేవాళ్ళతో మాట్లాడింది. ఓటు కోసం కసాయివాడికి ముద్దిచ్చిందని వ్యంగ్యచిత్రాలు అచ్చేసి ఊరంతా అమ్మారు. అవతలి పక్షానికీ గొప్పింటి ఆడవాళ్ళు ప్రచారం చేశారు, బురద మాత్రం ఎక్కువగా ఈమె మీదే పడింది. తల్లి లేడీ స్పెన్సర్ మందలించింది. జార్జియానా సెయింట్ ఆల్బన్స్‌కు వెళ్ళిపోతే, పార్టీవాళ్ళు బతిమాలి వెనక్కి పిలిపించారు. వెస్ట్‌మిన్‌స్టర్‌కున్న రెండు సీట్లలో రెండోదాన్ని ఫాక్స్ 236 ఓట్ల తేడాతో దక్కించుకున్నాడు. ఇంత చేసిన ఆమెకు ఓటు లేదు. ఆమెను అందగత్తెగా, జూదంలో అప్పులపాలైన మనిషిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అప్పులు నిజమే, కానీ ఆమె రాజకీయం అంతకన్నా పెద్దది.

తర్వాతి కథ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. యువ విగ్ నాయకుడు చార్లెస్ గ్రే వల్ల గర్భవతి అయితే, అతణ్ణి వదులుకోకపోతే పిల్లల ముఖం చూడనివ్వనన్నాడు డ్యూక్. ఆమె 1792లో ఫ్రాన్స్‌లో ఎలైజాను కని, ఆ బిడ్డను గ్రే తల్లిదండ్రులకు అప్పగించింది. 1806లో, 48వ ఏట కన్నుమూసింది.

ఆ గ్రే తర్వాత ప్రధాని అయ్యాడు. మరింతమందికి ఓటిచ్చిన 1832 సంస్కరణ చట్టం ఆయన ప్రభుత్వానిదే. పార్లమెంటు ఎన్నికల్లో ఓటరంటే పురుషుడేనని బ్రిటన్ చట్టంలో మొదటిసారి రాసిపెట్టింది అందులోనే.